మా అబ్బాయిది జలుబా, అలర్జీయా? మామగారి దగ్గు సంగతేమిటి?

ప్రశ్న: నరసరావుపేట ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. మాది పల్నాడు జిల్లా నరసరావుపేట. మా అబ్బాయికి 9 ఏళ్లు. మూడేళ్లుగా కార్తీకమాసం మొదలైన దగ్గర నుంచి దాదాపు ఉగాది దాకా వాడికి జలుబు వదలడం లేదు. తెల్లవారుజామున లేస్తూనే వరుసగా పది పదిహేను తుమ్ములు తుమ్ముతాడు. ముక్కు నీళ్లలా కారుతుంది. అరచేత్తో ముక్కు కొనను పైకి రుద్దుకుంటూ ఉంటాడు, నాలుకతో అంగిలిని గీరుకుంటూ ఒక వింత చప్పుడు చేస్తాడు. బడికి వెళ్లాక 10 గంటలకల్లా మామూలుగా ఉంటాడు. జ్వరం మాత్రం ఈ మూడేళ్లలో రెండు మూడు సార్లకు మించి రాలేదు.

మొదట చూపించిన చోట ఇన్‌ఫెక్షన్ అని చెప్పి యాంటీబయాటిక్ రాశారు. అది మొదలుపెట్టిన నాలుగో రోజున ఛాతీ మీద, వీపు మీద ఎర్రటి చిన్న మచ్చలు వచ్చాయి. అప్పుడు వాడికి జ్వరం కూడా ఉంది. పెన్సిలిన్ పడదని చీటీ మీద రాసి ఇచ్చారు. రెండో చోట రక్తపరీక్ష చేయించి ఇస్నోఫీలియా అన్నారు. మూడో చోట, నిరుడు, 84 రకాల ఆహార పదార్థాలకు ఒకేసారి చేసే పరీక్ష చేయించమంటే వేలల్లో డబ్బు కట్టి చేయించాము. అందులో పాలు, పెరుగు, వేరుశనగ, గుడ్డు, వంకాయ, అరటిపండు పడవని వచ్చింది. ఏడాదిగా అవన్నీ మాన్పించాము. పిల్లవాడు చిక్కిపోయాడు గాని తుమ్ములు ఒక్కటీ తగ్గలేదు.

మరొక సంగతి కూడా ఉంది. మా మామగారికి 64 ఏళ్లు. ఆయనకు రెండు నెలలుగా పొడిదగ్గు. మిరప కల్లాల దగ్గరకు వెళ్లి వస్తారు కాబట్టి ఆ ఘాటు పడక వచ్చిన అలర్జీ అని మేమే అనుకున్నాము. మనవడికి రాసిన సిరప్పే ఆయన కూడా తాగుతున్నారు. ఆయనకు బీపీ ఉంది. ఆగస్టులో బిళ్ల మార్చారు. షుగరు కూడా కొంచెం ఉంది.

మా అత్తగారు "పడిశం పది రోగాల పెట్టు" అంటూ అశ్రద్ధ చేయవద్దని రోజూ చెబుతున్నారు. అశ్రద్ధ చేయడం లేదు. ఏది జలుబు, ఏది అలర్జీ, ఏది ఇంకొకటి అన్నది ఎలా విడదీసి తెలుసుకోవాలో మాత్రం మాకు బోధపడటం లేదు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1: పిల్లల వైద్యురాలు, గుంటూరు

అమ్మా, పిల్లవాడిని కళ్లతో చూడకుండా రోగనిర్ధారణ చేయను. కానీ మీరు రాసిన మొదటి పేరాలోనే సగం సమాధానం ఉంది. అంగిలిని నాలుకతో గీరుకోవడం, ముక్కును అరచేత్తో పైకి రుద్దుకోవడం అనే రెండు విషయాలను మీరు ఎంత జాగ్రత్తగా గమనించారో, మీరు చూపించిన మూడు చోట్ల ఎవరైనా అంత జాగ్రత్తగా అడిగి ఉంటే బాగుండేది. ఆ రెండింటికీ కారణం దురద. జలుబులో ముక్కు మండుతుంది, గొంతు నొప్పి పెడుతుంది, తల బరువెక్కుతుంది. దురద మాత్రం ఆ స్థాయిలో ఉండదు. ముక్కు, అంగిలి, కళ్లు, చెవి లోపలి భాగం దురద పెడుతున్నాయంటే నేను ముందుగా అలర్జీని అనుమానిస్తాను. అలా రోజూ రుద్దుకునే పిల్లలకు ముక్కు కొనకు కొంచెం పైన అడ్డంగా ఒక సన్నని గీత పడుతుంది, కళ్ల కింద నల్లగా వాచినట్లు ఉంటుంది. వెలుతురులో ఒకసారి చూడండి.

రెండో ఆధారం కాలం. జలుబుకు ఒక నడక ఉంటుంది. మొదటి రోజు గొంతు గరగర, రెండు మూడు రోజుల్లో ముక్కు కారడం బాగా పెరగడం, తర్వాత చీమిడి చిక్కబడటం, వారం పది రోజుల్లో తగ్గిపోవడం, వెనకాల కొన్నాళ్లు దగ్గు మిగలడం. ఇంట్లో ఒకరికి వస్తే రెండు మూడు రోజుల్లో ఇంకొకరికి అంటుకుంటుంది. అలర్జీకి ఈ నడక లేదు. కారణం ఎదురైన నిమిషాల్లో మొదలవుతుంది, అది దూరమైతే గంటల్లో తగ్గుతుంది, అది ఉన్నన్నాళ్లూ నెలల తరబడి అలాగే ఉంటుంది, ఎవరికీ అంటదు. మీ అబ్బాయి ఉదయం 6 గంటలకు తుమ్ముతూ 10 గంటలకు మామూలుగా ఉంటున్నాడంటే ఏ వైరసూ అలా బడిగంట చూసుకుని దిగిపోదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఐదారేళ్ల లోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలు. జలుబు తెచ్చే వైరస్‌లు 200 రకాలకు పైగా ఉన్నాయి, ఒకదానికి పుట్టిన రక్షణ ఇంకొకదానికి పనికిరాదు. ఒక్కో జలుబు పది రోజులు, వెనకాల దగ్గు ఇంకో పది రోజులు ఉంటే, చలికాలమంతా ఒకే జబ్బు వదలకుండా ఉన్నట్లు తల్లికి అనిపించడంలో వింత లేదు. కాబట్టి "ఎప్పుడూ జలుబే" అన్న మాట ఒక్కటి విని అలర్జీ అనేయడం కూడా పొరపాటే. మధ్యలో పూర్తిగా బాగున్న రోజులు ఉన్నాయా, జ్వరం, నీరసం, ఆకలి మందగించడం ఉన్నాయా అన్నది అడగాలి. ఒకే పిల్లవాడికి రెండూ ఉండవచ్చు కూడా. అలర్జీతో వాచి ఉన్న ముక్కులో జలుబు వస్తే దిబ్బడ మరింత ఎక్కువ రోజులు ఉంటుంది.

చీమిడి రంగును బట్టి చాలామంది నిర్ణయానికి వస్తారు. పసుపుగానో ఆకుపచ్చగానో ఉంటే యాంటీబయాటిక్ కావాలనుకుంటారు. ఆ రంగు మన తెల్లరక్తకణాల నుంచి వస్తుంది, మామూలు వైరస్ జలుబులోనూ మూడో నాలుగో రోజున అలాగే మారుతుంది. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం, తగ్గుముఖం పట్టి మళ్లీ జ్వరంతో తిరగబెట్టడం, మొదటి నుంచే ఎక్కువ జ్వరంతో పాటు చిక్కటి చీమిడి మూడు నాలుగు రోజులు వరుసగా ఉండటం సైనసైటిస్‌ను సూచిస్తాయి. ఒక్క ముక్కురంధ్రం నుంచే దుర్వాసనతో కారుతుంటే చిన్నపిల్లల్లో నేను ముందు చూసేది లోపల ఇరుక్కున్న బలపం ముక్కనో, చింతగింజనో.

మందు పనిచేసింది కాబట్టి జబ్బు ఇదే అని తేల్చడం ఇంకొక ఉచ్చు. పాతరకం అలర్జీ మందులు, ముఖ్యంగా క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న సిరప్పులు, నిద్రమత్తుతో పాటు ముక్కును ఎండగడతాయి కాబట్టి మామూలు జలుబులోనూ కారడం కొంత తగ్గుతుంది. అలాగే యాంటీబయాటిక్ ఐదు రోజులు వాడేసరికి జలుబు తనంతట తానే తగ్గే రోజు వస్తుంది, పేరు మందుకు దక్కుతుంది. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఆ ఫెనైలెఫ్రిన్ బీపీ ఉన్నవారికి కూడా మంచిది కాదు. మీ మామగారు తాగుతున్న సిరప్పు సీసా మీద అది ఉందేమో చూసి, ఉంటే ఈరోజే ఆపించండి.

తిండి విషయం నాకు బాధ కలిగించింది. పాలు, పెరుగు, గుడ్డు, వేరుశనగ మాన్పించిన తొమ్మిదేళ్ల పిల్లవాడు చిక్కిపోకుండా ఎలా ఉంటాడు? ఆహారం వల్ల వచ్చే అసలైన అలర్జీ తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లుగా, పెదవుల వాపుగా, వాంతులుగా, ఆయాసంగా బయటపడుతుంది, తిన్న ప్రతిసారీ బయటపడుతుంది. ఇంతకుముందు అవన్నీ తిని హాయిగా ఉన్న పిల్లవాడికి ఆ రక్తపరీక్ష చూసి మాన్పించడం తప్పు. అలాంటి మూకుమ్మడి పరీక్షల్లో చాలావాటిలో కొలిచేది ఐజీజీ అనే ప్రతిరక్షకాన్ని. మీ కాగితం మీద ఆ మూడు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఐజీజీ ఉంటే ఆ పదార్థాన్ని తిన్నాడని అర్థం, పడదని కాదు. ఒకవేళ అలర్జీకి సంబంధించిన ప్రతిరక్షకమైన ఐజీఈ అని ఉన్నా, తిని బాగున్నవాటిని కాగితం చూసి మాన్పించరు, కాని ఏడాది విరామం తర్వాత మళ్లీ ఎలా మొదలుపెట్టాలో మాత్రం వైద్యుడితో మాట్లాడాలి. ఐజీజీ అయితే రేపటి నుంచే పెరుగన్నం పెట్టండి. పెరుగు వల్ల, అరటిపండు వల్ల పడిశం పట్టదు.

పెన్సిలిన్ చీటీ గురించి. మందు వేసిన గంటలోపు దురదతో ఉబ్బెత్తు దద్దుర్లు వచ్చి, ఒకచోట మాయమై ఇంకొకచోట లేస్తూ, పెదవులు వాచి, ఆయాసం వస్తే అది ప్రమాదకరమైన మందు అలర్జీ. అలాంటిది ఎప్పుడు కనిపించినా ఆలోచించకుండా 108కు ఫోన్ చేయాలి, అక్కడ ముందుగా కావలసింది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. మీ అబ్బాయికి వచ్చినవి నాలుగో రోజున, జ్వరంతో పాటు, చదునుగా వచ్చిన మచ్చలు. పిల్లల్లో వైరస్ జ్వరాలకే ఇటువంటి మచ్చలు తరచుగా వస్తాయి. పెన్సిలిన్ పడదని రాయించుకున్నవారిలో సరిగా పరీక్షిస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది దాన్ని నిక్షేపంగా వాడుకోగలరని తేలుతుంది. అలాగని ఇంట్లో ప్రయోగం చేయకండి. ఆ చీటీ, మీకు గుర్తున్న వివరాలు రెండూ పట్టుకుని అలర్జీ చూసే వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఆ ముద్ర అనవసరంగా జీవితమంతా ఉండిపోతే రేపు నిజంగా అవసరమైనప్పుడు మంచి మందు ఇవ్వడానికి వైద్యులు జంకుతారు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని ఒకటే. ఒక నోటుబుక్కు తీసుకుని నాలుగు వారాలపాటు వాడు ఎక్కడ పడుకున్నాడు, దేనిమీద పడుకున్నాడు, ఎన్నింటికి తుమ్ములు మొదలై ఎన్నింటికి ఆగాయి, దురద ఉందా, జ్వరం ఉందా అన్నది రాయండి. జ్వరం చేయి వేసి చూడటం కాదు, థర్మామీటరు పెట్టి రాయండి. రాత్రి దగ్గుతో లేస్తున్నాడా, పరుగెత్తితే ఆయాసం, పిల్లికూతలు ఉన్నాయా అన్నది తప్పకుండా రాయండి, ఎందుకంటే ముక్కు అలర్జీ ఉన్న పిల్లల్లో ఉబ్బసం కూడా ఉండటం ఎక్కువ. ఆ నోటుబుక్కు నాకు ఏ ల్యాబు కాగితం కన్నా ఎక్కువ చెబుతుంది.

సమాధానం 2: ల్యాబ్ టెక్నీషియన్ (విశ్రాంత), మదనపల్లె

డాక్టరు గారు చెప్పినదానికి నేను చేర్చవలసింది ఇస్నోఫీలియా అన్న మాట గురించి మాత్రమే. ముప్ఫై ఏళ్లకు పైగా మైక్రోస్కోపు కింద ఆ కణాలను లెక్కపెట్టినవాణ్ణి కాబట్టి ఈ మాట మన జిల్లాల్లో ఎంత అపార్థానికి గురైందో చెప్పాలనిపించింది.

ఇస్నోఫిల్ అనేది అందరి రక్తంలోనూ ఉండే ఒక రకం తెల్లకణం. మైక్రోలీటరు రక్తంలో 500 దాకా ఉంటే మామూలు. అంతకు మించితే ఇస్నోఫీలియా అంటారు. అంటే అది ఒక లెక్క పేరు, జబ్బు పేరు కాదు. అలర్జీ ఉంటే పెరుగుతుంది, కడుపులో నులిపురుగులు ఉన్నా పెరుగుతుంది, కొన్ని మందుల వల్ల పెరుగుతుంది. అలర్జీ ఉండి కూడా లెక్క మామూలుగా ఉన్నవారు ఎందరో ఉన్నారు. మొత్తం ఐజీఈ పరీక్ష కూడా ఇంతే, నులిపురుగులున్న పిల్లల్లో అదీ పెరుగుతుంది. మీ ప్రశ్నలో అంకె రాయలేదు. 700, 800 లాంటి అంకె అయితే దాన్నిబట్టి ఏదీ తేల్చలేము. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో నులిపురుగులకు ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ల మీ అబ్బాయి మింగాడో లేదో ముందు కనుక్కోండి. మీరే ఉపాధ్యాయిని కాబట్టి ఇది మీకు తెలిసిన విషయమే.

అసలు ఈ మాట మన జనం నోట్లో ఇంతగా నానడానికి కారణమైన జబ్బు ఒకటి ఉంది. మా ఊరి పక్కనున్న ఆరోగ్యవరం శానిటోరియంలో క్షయరోగులుగా భావించి చేర్చినవారిలో కొందరికి నెలల తరబడి దగ్గు, ఆయాసం, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు ఉన్నా కళ్లెలో క్షయ క్రిములు కనబడక, రక్తంలో ఇస్నోఫిల్స్ మాత్రం విపరీతంగా కనబడ్డాయి. అక్కడి వైద్యులు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ 1940లో దీన్ని క్షయలా కనిపించే వేరే వ్యాధిగా వర్ణించి ప్రచురించారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇస్నోఫీలియా అన్న పేరు పెట్టాడు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పట్ల కొందరి శరీరం చూపే తీవ్రమైన ప్రతిస్పందనే దీనికి మూలమని తర్వాత తేలింది. ఇందులో రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉంటాయి, లెక్క సాధారణంగా 3000 దాటుతుంది, డైఇథైల్ కార్బమజిన్ అనే ఫైలేరియా బిళ్లలు వాడితే తగ్గుతుంది. ఉబ్బసమని ఏళ్ల తరబడి తిప్పిన కొందరిలో అసలు జబ్బు ఇదే అయి ఉండవచ్చు. ఇది వేరు, ఉదయం తుమ్మే పిల్లవాడి రక్తంలో 700 కనబడటం వేరు. రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్ల అవసరం లేనివారు ఆ బిళ్లలు మింగారు, అవసరమైనవారు ఉబ్బసం మందులతో సరిపెట్టుకున్నారు.

అలర్జీ దేనివల్లో తెలుసుకోవాలంటే చర్మం మీద చుక్కలు వేసి సూదితో తాకించి చేసే పరీక్ష ఉంది. పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం కనబడుతుంది. అయితే అక్కడ కూడా బుడిపె లేచినంత మాత్రాన జబ్బు అదేనని కాదు. నోటుబుక్కులో రాసిన లక్షణాలతో అది కలిస్తేనే లెక్కలోకి తీసుకోవాలి.

సమాధానం 3: ఖమ్మం నుంచి ఒక పత్తి వ్యాపారి

అమ్మా, మీ అబ్బాయి గురించి పెద్దలు చెప్పారు. నేను మీ మామగారి గురించి రాస్తున్నాను. దయచేసి ఆయన దగ్గును అలర్జీ అని మీ అంతట మీరు అనుకోకండి.

మా నాన్నగారు జిన్నింగు మిల్లులో పనిచేసేవారు. దగ్గు మొదలైతే పత్తి దుమ్ము పడలేదన్నాము. దుమ్ము వల్ల దగ్గు రావడం అబద్ధం కాదు. జిన్నింగులో పనిచేసేవారికి సెలవు తర్వాత తిరిగి పనికి వెళ్లిన మొదటి రోజున ఛాతీ బిగపట్టే జబ్బు ఒకటి ఉంది. అందుకే మేము వేరేదాన్ని ఆలోచించలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర అలర్జీ ఇంజెక్షన్ వేయించాము. రెండు రోజులు హాయిగా ఉండేది. అది స్టెరాయిడ్ అని మాకు తర్వాత తెలిసింది. అలా మూడున్నర నెలలు గడిచాయి. సాయంత్రం కొంచెం ఒళ్లు వెచ్చబడేది, చొక్కా వదులయింది, ఇవన్నీ వయసు వల్ల అనుకున్నాము. చివరకు కళ్లె పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడి ఆయన కోలుకున్నారు గాని, ఆ మూడున్నర నెలలు ఆయన పక్కనే పడుకున్న మా చిన్నపాప కూడా పరీక్షలు చేయించుకుని, రాకుండా ఉండటానికి మందు మింగవలసి వచ్చింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టుకుంటుంది.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా సరే, కారణం తెలిసిందనిపించినా సరే, కళ్లె పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షకు గాని మందులకు గాని ఒక్క రూపాయి తీసుకోరు. మీ మామగారికి షుగరు ఉందన్నారు. షుగరు ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం మామూలువారి కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువని మాకు అప్పుడు చెప్పారు. ఇంట్లో పిల్లవాడు ఉన్నాడు. రేపే తీసుకువెళ్లండి.

మిరప కల్లం గురించి కూడా ఒక మాట. ఎండుమిర్చి ఘాటుకు తుమ్మని మనిషి ఉండడు. అది ముక్కు పొరను మండించే పదార్థం, మండిస్తే ఎవరికైనా తుమ్మే. గుంటూరు యార్డులో అడుగుపెట్టిన ప్రతివాడూ తుమ్ముతాడు, అందరికీ అలర్జీ ఉన్నట్లా? ఆ ఘాటు వల్ల వచ్చినదైతే కల్లం దాటి ఇంటికి వచ్చాక కొన్ని గంటల్లో సర్దుకోవాలి. రెండు నెలలు రాత్రీపగలూ ఉంటే దానికి కారణం వేరే ఉంది.

సమాధానం 4: మందుల షాపు ఫార్మసిస్టు, ఏలూరు

మీ మామగారికి ఆగస్టులో బీపీ బిళ్ల మార్చారని రాశారు. ఆ బిళ్ల పేరు రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ లాగా "ప్రిల్" అన్న అక్షరాలతో ముగుస్తుందా చూడండి. ఆ కుటుంబానికి చెందిన మందులు కొంతమందిలో గొంతులో గడ్డిపరక గీసినట్లుండే పొడిదగ్గు తెస్తాయి. వాడటం మొదలుపెట్టిన కొన్ని వారాలకో, నెలలకో మొదలవుతుంది కాబట్టి ఎవరూ ఆ రెండింటినీ ముడిపెట్టరు. ఏ దగ్గు సిరప్పుకూ లొంగదు. బిళ్ల మార్చితే ఎక్కువమందికి నాలుగు వారాల లోపు తగ్గుతుంది, కొందరికి మూడు నెలల దాకా పట్టవచ్చు. అయితే బీపీ బిళ్లను సొంతంగా ఆపవద్దు, రాసిన డాక్టరే దానికి బదులు ఇంకొకటి రాస్తారు. ఖమ్మం మిత్రుడు చెప్పిన కళ్లె పరీక్ష మాత్రం బిళ్ల పేరు ఏదైనా చేయించవలసిందే.

ఇంకొకటి, పిల్లవాడి ముక్కు దిబ్బడకు షాపుల్లో ఇచ్చే జైలోమెటజొలిన్, ఆక్సీమెటజొలిన్ చుక్కలను మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడకండి. వాటి ప్రభావం తగ్గాక ముక్కు ఇంకా గట్టిగా బిగుస్తుంది, మళ్లీ చుక్కలు వేస్తారు, చివరకు ఆ చుక్కలే జబ్బవుతాయి. ఇలా చుక్కలకు అలవాటుపడి, అలర్జీ అని చెప్పుకుంటూ నెలకు నాలుగైదు సీసాలు కొనేవారు నాకు తెలుసు.

సమాధానం 5: ఆస్టిన్, టెక్సస్ నుంచి

మా అనుభవం మీకు కొంత పనికివస్తుందని రాస్తున్నాను. మేము విజయనగరం నుంచి ఇక్కడికి వచ్చిన మొదటి మూడు చలికాలాలు నాకు ఏ ఇబ్బందీ లేదు. నాలుగో ఏట డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా కళ్లు దురద, ముక్కు కారడం, విపరీతమైన అలసట. ఇక్కడి గుట్టల మీద యాష్ జూనిపర్ అనే చెట్లు ఆ నెలల్లో పొగలా పుప్పొడి వదులుతాయి. స్థానికులు దీన్ని సీడార్ ఫీవర్ అంటారు. పేరులో జ్వరం ఉంది గాని ఒంట్లో జ్వరం ఉండదు. ఆ పేరు విని నేను థర్మామీటరు పెట్టుకుని చూడకుండా వారంపాటు జ్వరం మాత్రలు మింగాను.

నాలుగేళ్ల దాకా లేనిది ఇప్పుడెలా వచ్చిందని అడిగితే, శరీరం ఒక పుప్పొడిని శత్రువుగా గుర్తుపట్టడం నేర్చుకోవడానికి కొన్ని సీజన్లు పడుతుందని డాక్టరు చెప్పారు. కాబట్టి "ఇన్నాళ్లూ లేదుగా, అలర్జీ ఎలా అవుతుంది" అన్న వాదన నిలవదు. అయితే ఒక ఏడాది అదే నెలలో, అవే తుమ్ములతో మొదలై, మూడో రోజుకు 102 డిగ్రీల జ్వరం, ఒళ్లు విరిచేసే నొప్పులు వచ్చాయి. అలర్జీయే అనుకుని ఆఫీసుకు వెళ్లాను. అది ఫ్లూ. నా వల్ల ఇంకో ఇద్దరికి అంటింది. అలర్జీ ఉన్నవారు ప్రతి తుమ్మునూ అలర్జీ ఖాతాలో వేసుకోకూడదని అప్పుడు తెలిసింది.

ప్రశ్న వేసినవారు, ఏడు వారాల తర్వాత

సంక్రాంతి సెలవుల్లో తీరిక దొరికి రాస్తున్నాను. మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాము.

మామగారిని ఆ మర్నాడే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాము. కళ్లె పరీక్ష, ఎక్స్‌రే రెండూ బాగున్నాయి. ఆయన వాడుతున్నది రామిప్రిల్. డాక్టరు గారు దాన్ని మార్చి వేరే బిళ్ల రాశారు. మూడు వారాల దాకా ఏ తేడా కనబడలేదు, మేము నిరాశపడ్డాము. నాలుగో వారం నుంచి తగ్గింది. ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతున్నారు. ఆయన తాగుతున్న సిరప్పు మీద ఫెనైలెఫ్రిన్ ఉంది. ఆ సీసా పారేశాము.

బాబు విషయంలో నోటుబుక్కు నాకు కళ్లు తెరిపించింది. ఆ నాలుగు వారాల్లో జ్వరం ఒక్కసారే, రెండు రోజులు వచ్చింది, అప్పుడు మా అమ్మాయికీ వచ్చింది, వారంలో తగ్గింది. అది జలుబేనని ఇప్పుడు నేనే చెప్పగలను. మిగిలిన రోజులన్నీ తెల్లవారుజామున 5 గంటలకు మొదలై 8, 9 గంటలకు ఆగే తుమ్ములే. మధ్యలో మూడు రోజులు పెళ్లికి వినుకొండ వెళ్లాము. అక్కడ పిల్లలందరినీ హాలులో చాపల మీద, ఉతికిన దుప్పట్లతో పడుకోబెట్టారు. అక్కడ చలి మా ఇంట్లోకన్నా ఎక్కువ. అయినా ఆ మూడు ఉదయాలూ వాడు తుమ్మలేదు. ఇంటికి వచ్చిన మొదటి ఉదయమే పదకొండు తుమ్ములు.

అప్పుడు ఆలోచిస్తే తట్టింది. ప్రతి ఏటా కార్తీకమాసంలో అటక మీది నుంచి బొంతలు, పాత దూదిపరుపు దించుతాము. ఎండ ముదిరాక మళ్లీ అటకెక్కిస్తాము. మేము చలి వల్ల అనుకున్నది ఆ బొంత వల్లనేమో. ఇక్కడి ఈఎన్‌టీ డాక్టరు గారికి నోటుబుక్కు చూపిస్తే ఆయన కూడా దుమ్ములో ఉండే డస్ట్ మైట్ అనే కంటికి కనబడని పురుగును అనుమానించారు. బొంతలు తీసేశాము, దిండు మార్చాము, దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతుకుతున్నాము. భోగికి ముందు ఇల్లు బూజు దులిపిన రోజు వాడిని మా అక్క ఇంటికి పంపాము. ముక్కులో కొట్టే స్ప్రే రాశారు. మొదటి వారం ఏమీ పనిచేయలేదని మానేయబోతుంటే, రోజూ వాడితే రెండు వారాలకు గాని గుణం తెలియదని ఆయనే చెప్పారు. ఇప్పుడు వారానికి రెండు మూడు ఉదయాలు మాత్రమే తుమ్ముతున్నాడు. పూర్తిగా పోలేదు. ఆ ఆహార పరీక్ష కాగితం మీద ఐజీజీ అనే ఉంది. పెరుగు, గుడ్డు, వేరుశనగ అన్నీ మొదలుపెట్టాము, ఏమీ కాలేదు, కిలోంబావు బరువు పెరిగాడు.

వచ్చే నెలలో గుంటూరులో చర్మపరీక్షకు రమ్మన్నారు. పెన్సిలిన్ సంగతి కూడా అప్పుడే అడుగుతాము. తుమ్ములు ఎక్కువైన రాత్రి సిట్రజిన్ అనే అలర్జీ మందు ఇస్తున్నాము. పరీక్షకు ముందు దాన్ని ఆపాలా? స్ప్రే కూడా ఆపాలా?

పిల్లల వైద్యురాలు, గుంటూరు

చాలా సంతోషం అమ్మా. సిట్రజిన్‌ను పరీక్షకు కనీసం వారం ముందు ఆపండి, లేకపోతే చర్మం మీద బుడిపె లేవదు, ఏదీ లేదని తప్పుగా తేలుతుంది. జలుబు సిరప్పుల్లోనూ ఇటువంటి మందులే ఉంటాయి కాబట్టి ఆ వారం అవి కూడా వద్దు. స్ప్రే ఆపనక్కరలేదు. కొట్టేటప్పుడు ముక్కు మధ్య గోడ వైపు కాకుండా అదే వైపు చెవి దిక్కుగా కొట్టండి, అప్పుడు నెత్తురు కారే ఇబ్బంది ఉండదు. పరీక్ష రోజున పిల్లికూతలు గాని ఆయాసం గాని ఉంటే ముందే చెప్పండి, వాయిదా వేస్తారు. వచ్చేటప్పుడు నోటుబుక్కు మరచిపోకండి, వినుకొండ పేజీ వాళ్లకు తప్పకుండా చూపించండి.